నాన్నగారి బెత్తం, నా ఒక్క పేజీ

ప్రశ్న: మాది కోనసీమలో రాజోలు దగ్గర పల్లె. డీఎడ్ రెండో సంవత్సరం చదువుతూ ప్రాథమిక పాఠశాలలో ఇంటర్న్‌షిప్ చేస్తున్నాను. ‘నా బోధనా తాత్వికత’ అని ఒక పేజీ రాసి ఇమ్మన్నారు. గైడు చూసి రాసింది చదువుకుంటే నాకే నవ్వు వచ్చింది. ఏకోపాధ్యాయ పాఠశాలలో అయిదు తరగతులూ ఒక్కరే నడిపి రిటైరైన నాన్నగారు ‘దండం దశగుణం భవేత్, అంతకు మించి రాయడానికేముంది’ అంటారు. ఇంట్లో రోజూ ఇదే వాదన. మూడో తరగతి బాబు ఒకడు 52లోంచి 17 తీసివేస్తే 45 అని పదేపదే రాస్తుంటే మొన్న నేనూ మొట్టికాయ వేశాను. కొట్టుకు పంపితే చిల్లర మాత్రం పైసా తేడా లేకుండా తెస్తాడు. నేను ఈ వృత్తికి తగనేమో!

జవాబు: మీరు రాయవలసిన పేజీలో సగం ఈ ఉత్తరంలోనే ఉంది. ఆ 45 తప్పే గాని, తోచక వేసిన అంకె కాదు. ‘చిన్నదానిలోంచి పెద్దది పోదు’ అని మనం చెప్పే మాటను ఆ బాబు మనకంటే గట్టిగా నమ్మి, ఏడులోంచి రెండు, అయిదులోంచి ఒకటి తీసివేశాడు. కొట్టు దగ్గర అతనికి ఒకట్ల స్థానం, పదుల స్థానం అడ్డురావు. పదిహేడుకు మూడు కలిపితే ఇరవై, అక్కడినుంచి ముప్ఫై కలిపితే యాభై, పైన రెండు అని మనసులోనే కూడుకుంటూ పోతాడు.

కొబ్బరి ఈనెలు పదేసి చొప్పున అయిదు కట్టలు కట్టి, విడిగా రెండు ఈనెలు ఉంచి, వాటిలోంచి పదిహేడు ఇమ్మని అడగండి. విడివి రెండే ఉండడంతో తికమకపడతాడు. అప్పుడు మీరు నోరు మెదపకుండా కూర్చోవడమే కష్టం. తనంతట తానే ఒక కట్ట విప్పితే, పదుల స్థానం నుంచి అప్పు తెచ్చుకోవడమంటే ఏమిటో అతని వేళ్లకు తెలిసినట్టే. విప్పకపోతే, కొట్టులో చిల్లర లేనప్పుడు పది రూపాయల నోటును ఏం చేస్తారని అడగండి. ఆ తరువాత, పిల్లవాడి తప్పును మీరు మొన్న ఎలా చూశారో, ఇప్పుడు ఎలా చూస్తున్నారో రాయండి. తాత్వికత అని మీవాళ్లు అడుగుతున్నది అదే.

గైడులోని ‘శిశుకేంద్రిత విద్య’ తప్పు మాటేమీ కాదు. అయితే దాన్ని నమ్మే టీచరు సోమవారం ఉదయం ఏం చేస్తుందో చెప్పలేని వాక్యాన్ని కొట్టివేయండి. ఆడపిల్లలు చదవాలన్న కందుకూరి వీరేశలింగం నమ్మకం 1874లో ధవళేశ్వరంలో ఆయన పెట్టిన బాలికల పాఠశాలగా కనిపించింది. మీ నమ్మకం అంత పెద్దది కానక్కరలేదు. కొబ్బరి దింపు రోజున తండ్రి వెంట తోటకు వెళ్లి బడి మానిన పిల్లవాడిని మరునాడు పాఠంలోకి ఎలా తీసుకువస్తారో రాసినా చాలు.

నాన్నగారి సంగతి కొంచెం ఓపికగా చూడాలి. 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న విద్యాహక్కు చట్టం 17వ సెక్షన్ పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ నిషేధించింది కనుక బెత్తం గురించి ఇక వాదించడానికేమీ మిగలలేదు. కాని ఆ సెక్షనును ఆయన ముఖాన విసిరితే, ఒక్కరే అయిదు తరగతులు నడిపిన మనిషి నుంచి మీరు నేర్చుకోవలసింది కూడా పోతుంది. ఒకటో తరగతికి అక్షరాలు దిద్దిస్తూ అయిదో తరగతిని ఖాళీగా ఉండకుండా ఎలా చూసేవారో, బెత్తం పట్టకుండానే దారికొచ్చిన పిల్లలు ఎవరో సాయంత్రం అరుగు మీద కూర్చున్నప్పుడు అడగండి. ఆయన చెప్పినవాటిలో మీకు నచ్చింది ఆయన పేరుతోనే మీ పేజీలో చేర్చండి, నచ్చనిది వదిలేయండి. ఆ పేజీని ఆయనకు జవాబుగా మాత్రం రాయకండి.

మొట్టికాయ వేసినందుకు బాధపడి, చిల్లర లెక్కను కూడా గమనించిన మీరు వృత్తికి తగరని నేను అనుకోను. అయితే మీ బాధ నాకు చెప్పుకుంటే ఆ బాబుకు చేరదు. రేపు బడి గంట కొట్టకముందే అతనితో ‘నాదే తప్పు’ అని చెప్పి ఈనెల కట్టలు చేతికివ్వండి. పేజీ రాత్రికి రాసుకోవచ్చు.