ముందు అప్‌డేట్ వచ్చిన తేదీ తేల్చండి

ప్రశ్న (నాలుగు పేజీల ఉత్తరం నుంచి క్లుప్తంగా): నేను చిన్న జిరాక్స్ సెంటర్ నడుపుతున్నాను. 2022లో ఒక పెద్ద కంపెనీ ప్రింటర్ కొన్నాను. వేరే కంపెనీల కాట్రిడ్జ్‌లు సగం ధరకే దొరికేవి, అవే వాడేవాడిని. 2024లో సంక్రాంతి అయ్యాక ఒకరోజు స్క్రీన్ మీద అప్‌డేట్ అని వస్తే 'అంగీకరిస్తున్నాను' నొక్కాను. ఆ తర్వాత వేరే కాట్రిడ్జ్ పెడితే మెషిన్ కదలడం లేదు. కస్టమర్ కేర్‌తో దాదాపు రెండేళ్లుగా పోరాడుతున్నాను. వారంటీ అయిపోయిందని, షరతులకు మీరే ఒప్పుకున్నారని మొన్న అక్టోబర్‌లో ఆఖరి మెయిల్ పెట్టారు. హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేశాను, కేంద్ర మంత్రికి, ప్రధానమంత్రి పోర్టల్‌కు రాశాను. రాత్రిళ్లు నిద్ర పట్టడం లేదు. ప్రభుత్వాలే ఈ కంపెనీల మాట వింటుంటే నాలాంటి వాడికి న్యాయం దొరుకుతుందా? మా ఊళ్లో ఒక మెకానిక్ పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించి లాక్ తీసేస్తానంటున్నాడు. చేయించమంటారా?

జవాబు: మీరు రాసిన నాలుగు పేజీల్లో నేను వెతికింది ఒక్కటే: ఆ అప్‌డేట్ ఏ తేదీన వచ్చింది? అదే లేదు. 'సంక్రాంతి అయ్యాక ఒకరోజు' అంటే మీ కేసు వినాల్సిన జిల్లా వినియోగదారుల కమిషన్‌లో చెల్లదు. కంపెనీ ఎంత పెద్దది, ప్రభుత్వం ఎవరి మాట వింటుంది అన్నవి ఇప్పుడు మీ కేసును తేల్చవు. ఆ తేదీ తేలుస్తుంది.

2019 వినియోగదారుల రక్షణ చట్టం సెక్షన్ 69 ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు కేసు వేయాలి. కంపెనీ ఆఖరిసారి కాదన్న అక్టోబర్ నుంచి ఆ రెండేళ్లు మొదలవుతాయని మీరు అనుకుంటున్నట్టున్నారు. కావు. మెషిన్ మొదటిసారి కాట్రిడ్జ్‌ను తిప్పికొట్టిన రోజే మీకు కారణం పుట్టింది. ఆ తర్వాత మీరు రాసిన మెయిళ్లు, వాళ్లిచ్చిన జవాబులు గడువును ఒక్కరోజు కూడా పొడిగించవు. హెల్ప్‌లైన్ ఫిర్యాదు, మంత్రికి రాసిన ఉత్తరం, పోర్టల్ అర్జీ కేసు కిందకి రావు, వాటివల్ల గడువు ఆగదు. గడువు దాటిందని అవతలివాళ్లు అనకపోయినా కమిషన్ తనంతట తానే చూడాలని 2009లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియా, బీఎస్ అగ్రికల్చరల్ ఇండస్ట్రీస్ కేసులో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది.

ఇప్పుడు 2025 నవంబర్. మీకు మిగిలింది వారాలే. అసలు తేదీ ఏదైనా సరే, డిసెంబర్ దాటకుండా ఫిర్యాదు దాఖలు కావాలి.

'ప్రింటర్ రోజూ ఆగిపోతోంది కదా, రోజూ కొత్త కారణమే' అని ఎవరైనా ధైర్యం చెబితే నమ్ముకుని కూర్చోకండి. దెబ్బ ఒకసారి తగిలి నొప్పి రోజూ ఉండటం వేరు, రోజూ దెబ్బ పడటం వేరు. కోర్టులు ఈ తేడా చూస్తాయి, మీది మొదటి రకం అని కంపెనీ లాయరు వాదిస్తారు. గడువు దాటినా తగిన కారణం చూపితే ఆలస్యాన్ని మన్నించే అధికారం కమిషన్‌కు ఉంది. కానీ కస్టమర్ కేర్ జవాబు కోసం ఎదురుచూశానన్నది బలమైన కారణం కాదు. ఇలాంటి కంపెనీలకు మీ ఓపికే లాభం. 'మీ సమస్యను పై టీమ్‌కు పంపాం' అన్న ప్రతి మెయిల్‌తో మీ గడువు కరిగిపోయింది. ఇలా హక్కులు పోగొట్టుకున్నవాళ్లను చూసి కడుపు మండే ఇంత గట్టిగా చెబుతున్నాను.

ఇక మెకానిక్ సంగతి. వద్దు, ఆ ప్రింటర్‌ను ముట్టుకోనివ్వకండి. మీ కేసులో అన్నిటికన్నా పెద్ద సాక్ష్యం ఆ మెషినే. పాత సాఫ్ట్‌వేర్ ఎక్కించిన మరుక్షణం కంపెనీ లాక్ పెట్టిందనడానికి రుజువు చెరిగిపోతుంది. పైగా మెషిన్‌ను పాడుచేసింది మీరేనని చెప్పే అవకాశం వాళ్లకు మీరే చేతికిచ్చినవాళ్లవుతారు. వస్తువులో లోపం ఉందా లేదా అన్నది పరీక్ష లేకుండా తేలకపోతే సెక్షన్ 38 కింద కమిషన్ దాన్ని ల్యాబ్‌కు పంపవచ్చు. మార్చిన మెషిన్‌ను పంపి ఏం రుజువు చేస్తారు? ఈలోగా పని ఆగకూడదనుకుంటే ఇంకో ప్రింటర్ అద్దెకు తెచ్చుకోండి, ఆ రశీదులు కూడా దాచండి. పాతది ఇచ్చేస్తే కొత్తదానిపై డిస్కౌంట్ అని కంపెనీ ఆశ పెట్టినా ఇదే జాగ్రత్త. అలాంటి ఆఫర్ల కింద 'ఇక ఏ క్లెయిమూ లేదు' అన్న వాక్యం ఉండవచ్చు.

మీ అజాగ్రత్త గురించి కూడా చెప్పాలి. జిరాక్స్ సెంటర్ నడిపే మనిషి, రోజంతా ఊరివాళ్ల కాగితాలు కాపీ తీసే మనిషి, తన స్క్రీన్ మీద వచ్చిన మెసేజ్‌ను ఒక్క ఫొటో తీసుకోలేదు. కస్టమర్ కేర్ చాట్‌లు సేవ్ చేయలేదు. అట్టపెట్టె పారేశానని ఎంత తేలిగ్గా రాశారు! గడువు సంగతి అలా ఉంచితే, ఆ పెట్టె మీద ఏం రాసి ఉందన్నదే మీ కేసుకు కీలకం. 'ఈ ప్రింటర్ మా చిప్ ఉన్న కాట్రిడ్జ్‌లతోనే పనిచేస్తుంది, అప్‌డేట్‌లతో మిగతావాటిని ఆపుతాం' అని అమ్మేటప్పుడే స్పష్టంగా చెప్పి ఉంటే మీ వాదన చాలా బలహీనపడుతుంది. చెప్పకపోతే, తెలియాల్సిన సమాచారాన్ని కావాలనే దాచడం చట్టం దృష్టిలో సేవాలోపం. 2020 డిసెంబర్‌లో ఇటలీ పోటీ నియంత్రణ సంస్థ హెచ్‌పీకి కోటి యూరోల జరిమానా వేసినప్పుడు ప్రధానంగా చూసింది ఇదే: వేరే కాట్రిడ్జ్‌లపై ఉన్న ఆంక్షలను కొనేవాళ్లకు సరిగ్గా చెప్పారా లేదా అని. ఆ నిర్ణయం మన కమిషన్‌ను కట్టడి చేయదు, కానీ వాదనకు దారి చూపుతుంది. మీరు కొన్న షాపులో అదే మోడల్ పెట్టె ఉంటే నాలుగు వైపులా ఫొటోలు తీయండి. కంపెనీ సైట్‌లో ఆ మోడల్ వివరాల పేజీని కూడా ఇవాళే సేవ్ చేయండి. రేపు మారిపోవచ్చు.

తేదీ కోసం ఇలా వెతకండి. ప్రింటర్ నుంచి స్టేటస్ పేజీ తీస్తే సీరియల్ నంబరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ వస్తాయి. కంప్యూటర్‌లో ప్రింటర్ సాఫ్ట్‌వేర్ లాగ్ ఉందేమో చూడండి. మొదటి ఫిర్యాదు చేసినప్పుడు వచ్చిన మెసేజ్, పనిచేసిన చివరి కాట్రిడ్జ్ బిల్లు, గత్యంతరం లేక కంపెనీ కాట్రిడ్జ్ కొన్న మొదటి బిల్లు వరసగా పెడితే తేదీ దగ్గరకు వస్తుంది. అసలు రికార్డు కంపెనీ సర్వర్‌లో ఉంటుంది. పత్రాలు తెప్పించడంలో కమిషన్‌కు సివిల్ కోర్టు అధికారాలున్నాయి కాబట్టి కేసు వేశాక దాన్ని ఇప్పించమని అర్జీ పెట్టండి. మెయిళ్లు, స్క్రీన్‌షాట్‌లు దాఖలు చేసేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియం (సాక్ష్యాల చట్టం) సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డులకు ఇవ్వాల్సిన సర్టిఫికెట్ జతచేయండి. కమిషన్ విచారణ క్లుప్తంగా సాగుతుంది, అయినా ఆ సర్టిఫికెట్ లేదన్న అభ్యంతరానికి చోటివ్వకూడదు.

మీరు వాడిన కాట్రిడ్జ్‌లు వేరే కంపెనీ తన పేరుతో అమ్మినవేనా? ప్రింటర్ కంపెనీ లేబుల్ అంటించిన నకిలీలైతే ఈ కేసు మరచిపోండి. బిల్లులు చూశాకే నిర్ణయించండి.

వ్యాపారానికి కొన్నారు కాబట్టి మీరు వినియోగదారుడే కాదని కంపెనీ తప్పకుండా అంటుంది. స్వయం ఉపాధితో బతుకుతెరువు కోసమే కొన్న వస్తువుకు చట్టంలో మినహాయింపు ఉంది. ఒకరిద్దరు సహాయకులున్నంత మాత్రాన ఆ మినహాయింపు పోదని 1995లో లక్ష్మీ ఇంజనీరింగ్ వర్క్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మీ దగ్గర పనిచేసే కుర్రాడి సంగతి దాచకండి. సెంటర్ మీరే నడుపుతున్నారని, మీ జీవనాధారం అదేనని ఫిర్యాదులోనూ అఫిడవిట్‌లోనూ రాయండి. ఇది వదిలేస్తే మొదటి వాయిదాలోనే ఇబ్బంది పడతారు.

'అంగీకరిస్తున్నాను' నొక్కినంత మాత్రాన అంతా అయిపోలేదు. షరతుల్లో ఆర్బిట్రేషన్ (గొడవను కోర్టు బయట మధ్యవర్తి దగ్గరే తేల్చుకోవాలనడం) ఉన్నా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లవచ్చని 2018లో ఎమ్మార్ ఎంజీఎఫ్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కానీ ఒక చిక్కుంది. అన్యాయమైన కాంట్రాక్టు అని కేసు వేస్తే జిల్లా కమిషన్ వినలేదు, రాష్ట్ర కమిషన్‌కు పోవాలి. అందుకే కేసును వస్తువులో లోపం, సేవాలోపం, అనుచిత వ్యాపార పద్ధతి మీద నిలబెట్టండి. వారంటీ గురించి టెన్షన్ వద్దు. మెషిన్ దానంతటది చెడిపోలేదు, అమ్మిన తర్వాత కంపెనీయే మార్చింది.

ప్రభుత్వం గురించి మీ ఆవేదన నాకు అర్థమైంది, అందులో నిజం లేదనను. సాఫ్ట్‌వేర్ ద్వారా అమ్మిన వస్తువుపై పెత్తనం కంపెనీ దగ్గరే ఉండిపోతోంది. రిపేర్ హక్కుపై, అంటే కొన్న వస్తువును మనకు నచ్చిన చోట బాగుచేయించుకునే హక్కుపై, మన దగ్గర ఇప్పటికీ ప్రత్యేక చట్టం లేదు, 2022లో వచ్చిన పోర్టల్ ఒక్కటే ఉంది. అయితే పెద్ద కంపెనీలపై చర్యలే ఉండవని కాదు. 2022 అక్టోబర్‌లో మార్కెట్‌లో పోటీని కాపాడే కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కు 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. అలాంటి జరిమానా పడినా మీ జేబులోకి రూపాయి రాదు. మీ డబ్బు మీకు ఇప్పించే చోటు జిల్లా కమిషనే.

మీరు నివసించే జిల్లాలోనే, ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయవచ్చు. కొన్న ధర 5 లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు. తయారీ కంపెనీని, అమ్మిన షాపును ఇద్దరినీ చేర్చండి. లాక్ తీసేయాలని, లేదంటే ధర వాపసు ఇవ్వాలని అడగండి. కంపెనీ కాట్రిడ్జ్‌లకు పెట్టిన అదనపు ఖర్చును బిల్లులున్నంత వరకే కోరండి. లీగల్ నోటీసు తప్పనిసరి కాదు. ఇవ్వాలనుకుంటే ఈ వారమే 15 రోజుల గడువుతో పంపండి, జవాబు వచ్చినా రాకపోయినా డిసెంబర్ రెండో వారానికి ఫిర్యాదు సిద్ధంగా ఉండాలి. ఆలస్యం ప్రశ్న రావచ్చన్న అనుమానంతో మన్నింపు అర్జీ కూడా ముందే జతచేయించండి. కమిషన్ నోటీసు అందిన 30 రోజుల్లో, కమిషన్ పొడిగిస్తే మరో 15 రోజుల్లో కంపెనీ జవాబు దాఖలు చేయాలి. ఆ 45 రోజులు దాటితే తీసుకోవడానికి వీల్లేదని 2020లో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం చెప్పింది. 46వ రోజున వాళ్లు జవాబుతో వస్తే అభ్యంతరం చెప్పమని మీ లాయరుకు ఇప్పుడే చెప్పి ఉంచండి.