భూమి చుట్టుకొలత, సిరొంచ రాళ్లు, సున్నా: పాఠకుల ప్రశ్నలకు జవాబులు

ప్రశ్న: సార్, మాది రాజురా దగ్గర పల్లె. ఇంట్లో తెలుగు, బడి మరాఠీలో, ఇప్పుడు చంద్రాపూర్‌లో బీఎస్సీ ఇంగ్లిష్‌లో. సైన్స్ చరిత్ర చదవాలని ఉంది, కానీ ఎక్కడ మొదలుపెట్టాలో తెలియట్లేదు. పుస్తకం తెరిస్తే గ్రీకులు, ఆ వెంటనే గెలీలియో. మధ్యలో ఏమీ జరగనట్టే. వాట్సాప్ చూస్తే అన్నీ మన వేదాల్లోనే ఉన్నాయంటారు. పేర్లు, సంవత్సరాలు అస్సలు గుర్తుండవు. ఎవరిని నమ్మాలి?
(ఒక విద్యార్థిని, రాజురా)

జవాబు: పేర్లు, సంవత్సరాలు గుర్తుండట్లేదని బెంగ పెట్టుకోకండమ్మా. వాటిని విడివిడిగా ఇస్తే ఎవరికీ గుర్తుండవు. దేశాల వరసలోనో శతాబ్దాల వరసలోనో చదవడం ప్రస్తుతానికి పక్కన పెట్టి, ఒకే ఒక్క ప్రశ్న తీసుకోండి. దాన్ని ఏ కాలంలో, ఏ ఊళ్లో, ఎవరు, ఎలా తేల్చారో వెంటపడి చదవండి. నన్నడిగితే "భూమి ఎంత పెద్దది?" అన్న ప్రశ్నతో మొదలుపెట్టమంటాను. ఎందుకంటే దాన్ని మీ వాకిట్లోనే కర్ర పాతి పరీక్షించుకోవచ్చు.

క్రీస్తు పూర్వం మూడో శతాబ్దంలో అలెగ్జాండ్రియాలో ఎరటోస్తనీస్ అనే గ్రంథాలయాధికారి ఉండేవాడు. ఎండాకాలంలో పగలు అన్నిటికన్నా పొడుగ్గా ఉండే రోజు మధ్యాహ్నం, దక్షిణాన ఉన్న సైనీ (ఇప్పటి అస్వాన్) ఊళ్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడని అతనికి తెలుసు. అదే సమయానికి అలెగ్జాండ్రియాలో నీడ కొలిస్తే, సూర్యుడు నడినెత్తి నుంచి పూర్తి వృత్తంలో యాభయ్యో వంతు పక్కకి ఉన్నట్టు తేలింది. రెండు ఊళ్ల మధ్య దూరం 5000 స్టేడియాలు (స్టేడియా అంటే అప్పటి గ్రీకుల దూరం కొలత), కాబట్టి భూమి చుట్టుకొలత దానికి యాభై రెట్లు.

ఇప్పుడు ఇదే పని మీరు చేయండి. చాందా (చంద్రాపూర్) నుంచి మ్యాప్ మీద సూటిగా కిందికి గీత గీస్తే అది దాదాపు తిరుపతి మీదుగా పోతుంది, రెండు ఊళ్ల రేఖాంశాలూ ఇంచుమించు ఒకటే. మనవైపు తెలుగువాళ్లకు తిరుపతి ప్రయాణం ఎలాగూ ఉంటుంది, లేదా అక్కడ చదువుకునే పిల్లలు ఎవరో ఒకరు దొరుకుతారు. పగలూ రాత్రీ సమానంగా ఉండే మార్చి 20, 21 తేదీల్లో ఒక రోజు, మీటరు కర్రను నిటారుగా నిలబెట్టి మధ్యాహ్నం నీడ అన్నిటికన్నా పొట్టిగా ఉన్నప్పుడు ఇద్దరూ కొలవండి. చాందాలో నీడ 36 సెంటీమీటర్ల దగ్గర వస్తుంది, తిరుపతిలో 24. వాటి నుంచి కోణాలు కట్టి తీసివేస్తే తేడా 6.3 డిగ్రీల దరిదాపుల్లో ఉంటుంది. మధ్యలో సూటి దూరం సుమారు 700 కిలోమీటర్లు. 360ని 6.3తో భాగించి 700తో గుణించండి, 40 వేల కిలోమీటర్లు! (సెప్టెంబరులోనూ చేయొచ్చు కానీ మబ్బులతో ఇబ్బంది.)

అయితే ఆ 700 కిలోమీటర్లు ఎక్కడిది? మీరు ఫోన్‌లో చూశారు. ఫోన్ లేనివాడు, మ్యాపే లేనివాడు గోదావరి, కృష్ణ, మధ్యలో అంత అడవి దాటి సూటి దూరం ఎలా కొలుస్తాడు? కోణం తేలికే, ఒక కర్ర చాలు. అసలు కష్టమంతా దూరంతోనే, ఈ ప్రశ్న చరిత్ర అంతా ఆ కష్టం చుట్టూనే తిరుగుతుంది.

చైనాలో 724లో యీ షింగ్ అనే బౌద్ధ సన్యాసి నాయకత్వంలో ఉత్తరం నుంచి దక్షిణం దాకా చాలా చోట్ల నీడలు కొలిచారు. ఫలానా దూరానికి నీడ ఫలానా అంత మారుతుందని పాత గ్రంథాలు చెప్పిన లెక్క తప్పని తేల్చారు. తొమ్మిదో శతాబ్దంలో బాగ్దాద్ ఖలీఫా అల్ మామూన్ పంపిన బృందాలు చదునైన ఎడారిలో ఉత్తరానికీ దక్షిణానికీ నడుస్తూ, ఆకాశంలో ధ్రువం కనిపించే కోణం ఒక్క డిగ్రీ మారేదాకా దారి పొడుగునా నేల కొలుచుకుంటూ పోయాయి. పదకొండో శతాబ్దంలో అల్ బీరూనీ ఆ నడక కూడా లేకుండా చేశాడు. ఇప్పటి పాకిస్తాన్ పంజాబ్‌లో నందన కోట దగ్గర ఒక కొండ ఎత్తు కొలిచి, దాని పైనుంచి చూస్తే దిగంతం ఎంత కోణం కిందికి కనిపిస్తుందో కొలిచి, ఆ రెండిటితోనే భూమి వ్యాసార్ధం లెక్కగట్టాడు. ఒక కొండ, ఒక కోణం, అంతే! ఈ పద్ధతి చదివినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

మరి మన ఆర్యభటుడు? క్రీ.శ. 499 నాటి గ్రంథంలో భూమి వ్యాసం 1050 యోజనాలని రాశాడు. ఎలా కొలిచాడో ఆ శ్లోకంలో లేదు, సూత్రాల్లా రాసే పద్ధతిలో అంత చోటు ఉండదు కూడా. ఆయన లెక్క ఇప్పటి లెక్కకు అచ్చంగా సరిపోతుందని తిరిగే మెసేజ్ మీకూ వచ్చే ఉంటుంది. యోజనం అంటే ఎన్ని కిలోమీటర్లని తీసుకున్నారో ముందు అడగండి, ఎందుకంటే యోజనం పొడవు గ్రంథాన్ని బట్టి మారుతుంది, దాన్ని ఎంతంటే అంత పెట్టుకుని జవాబు ఎటైనా లాగొచ్చు. ఎరటోస్తనీస్ స్టేడియా విషయంలో కూడా ఇదే గొడవ, ఆయన లెక్క ఎంత దగ్గరో అని మురిసిపోయే ఇంగ్లిష్ పుస్తకాలకు కూడా ఇదే ప్రశ్న వేయాలి. ఎవరిని నమ్మాలన్నారు కదా, ఎలా కొలిచారో, దేనితో కొలిచారో చెప్పేవాళ్ల మాట ముందు వినండి. వాళ్లు మనవాళ్లా కాదా అన్నది తర్వాత చూద్దాం.

దూరం కష్టాన్ని త్రిభుజాలతో గెలిచిన కథ మీ పక్కకే వస్తుంది. 1802లో విలియం లాంబ్టన్ అనే ఇంగ్లిష్ సైనికాధికారి మద్రాసు దగ్గర సెయింట్ థామస్ మౌంట్ వద్ద ఉక్కు గొలుసుతో ఒక్క గీతను జాగ్రత్తగా కొలిచాడు. ఆ తర్వాత నేల మీద గొలుసు ఈడ్చుకుంటూ పోకుండా, కొండలూ గోపురాలూ ఎక్కి అర టన్ను బరువుండే థియోడలైట్‌తో కోణాలు చూస్తూ, త్రిభుజం పక్కన త్రిభుజం కట్టుకుంటూ దక్కన్ అంతా పైకి వచ్చాడు. లెక్క సరిగ్గా వస్తోందా అని మధ్యమధ్యలో మాత్రం మళ్లీ గొలుసు పరిచేవాళ్లు. 1808లో తంజావూరు గుడి గోపురం మీదికి ఎక్కిస్తుంటే ఆ యంత్రం గోడకు కొట్టుకుని దెబ్బతింది, తనే కూర్చుని బాగుచేసుకున్నాడు. 1823లో నాగపూర్ దారిలో చనిపోయాడు, ఎక్కడో కాదు, హింగణ్‌ఘాట్‌లో. బాలార్షా నుంచి వార్ధా వైపు బండెక్కితే మీరు దాటి వెళ్లే స్టేషనే. ఆయన తర్వాత, ఆయన దగ్గర పనిచేసిన జార్జ్ ఎవరెస్ట్ ఆ పనిని హిమాలయాల అంచుదాకా తీసుకెళ్లాడు. అంతకుముందు కృష్ణా గోదావరుల మధ్య అడవిలో పనిచేస్తూ ఆయనా, ఆయన మనుషులూ జ్వరాలతో మంచం పట్టారు. ఆ మనుషులు, అంటే జెండాలు పట్టుకుని కొండెక్కినవాళ్లు, యంత్రం మోసినవాళ్లు, దారి కోసం చెట్లు కొట్టినవాళ్లు, చాలావరకు మనలాంటి ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. వాళ్ల పేర్లు పుస్తకాల్లో దొరకవు. సైన్స్ చరిత్ర చదివేటప్పుడు ఆ లోటు మీ కళ్లకు కనిపిస్తూ ఉండాలి.

ఇంకొక్క మాట. మీకు మూడు భాషలు రావడం చిన్న సంగతి కాదు. బీరూనీ సంస్కృతం నేర్చుకుని, మన జ్యోతిష గ్రంథాలు చదివి, మెచ్చుకోవాల్సిన చోట మెచ్చుకుని తిట్టాల్సిన చోట తిట్టి 1030 ప్రాంతంలో భారతదేశం మీద పెద్ద పుస్తకం రాశాడు. మీరు కుదిరితే జళగావ్ జిల్లా చాళీస్‌గావ్ దగ్గరి పాటణ్ వెళ్లండి, అక్కడ 1207 నాటి శాసనం ఉంది. 1150లో సిద్ధాంత శిరోమణి రాసిన భాస్కరాచార్యుడి గ్రంథాలు చెప్పించడానికి ఆయన మనవడు చాంగదేవుడు మఠం పెట్టిన సంగతి, దానికి అందిన దానాల సంగతి అందులో ఉన్నాయి. పైభాగం సంస్కృతం, చివర పాత మరాఠీ. గణితం చెప్పే పంతులుకు, నేర్చుకునే పిల్లలకు తిండి ఎక్కడి నుంచి వచ్చిందో రాతి మీద రాసి ఉండటం ఎంత గొప్ప ఆధారమో చూడండి.

ప్రశ్న: నేను బడిలో సైన్స్ చెబుతాను. ఏథెన్స్, బాగ్దాద్ అని చెబితే పిల్లలకు ఆ ఊళ్లు ఎక్కడో ఉంటాయి. మా సిరొంచ గురించి చెప్పడానికి ఏమైనా ఉందా?
(ఒక ఉపాధ్యాయుడు, సిరొంచ)

జవాబు: ఉందా అంటారేమిటి మాస్టారూ! దేశంలో చాలా ఊళ్లకు లేనిది మీకుంది. ప్రాణహిత ఒడ్డున ఉన్న కోట ఊరి సున్నపురాళ్లలో చేపల శిలాజాలు దొరికాయని 1850ల నాటికే లండన్ పత్రికల్లో అచ్చయింది. ఆ చేపలు యూరప్‌లో జురాసిక్ తొలినాటి రాళ్లలో దొరికే చేపల్లాంటివని గుర్తించి, ఇక్కడి రాళ్ల వయసు కూడా దగ్గర దగ్గర అదేనని అంచనా కట్టారు. ఇంగ్లండ్ రాయికీ ప్రాణహిత రాయికీ పోలిక చూసి కాలం చెప్పడం, ఇది పిల్లలకు ఒక పీరియడ్ మొత్తం చెప్పదగ్గ విషయం.

వందేళ్ల తర్వాత కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ మీ తాలూకాకు వచ్చింది. గణాంకాల సంస్థకు రాళ్లతో ఏం పని అని అడిగే పిల్లలుంటారు. ఆ సంస్థ పెట్టిన మహలనోబిస్ లండన్ నుంచి పమేలా రాబిన్సన్ అనే శాస్త్రవేత్తను పిలిపించి భూగర్భ శాస్త్ర విభాగం మొదలుపెట్టించాడు. ఆ విభాగం వాళ్లు పోచంపల్లి ఊరి దగ్గర తవ్వితే ఒక మహాకాయ డైనోసార్ ఎముకలు, మూడొందలకు పైగా, పెద్ద పెద్ద చెట్ల మొద్దులతో కలిసి బయటపడ్డాయి. తవ్వకాలు జరిగిన 1961 రవీంద్రనాథ్ ఠాగూర్ శతజయంతి ఏడాది కాబట్టి ఆయన పేరు కలిపి, 1975లో దానికి బారాపాసారస్ టాగోరై అని పేరు పెట్టారు. 18 కోట్ల ఏళ్ల పైమాటే దాని వయసు. అస్థిపంజరం ఇప్పుడు కోల్‌కతాలో ఉంది, మీ పిల్లలు అంత దూరం వెళ్లలేరని నాకు నిజంగా బాధ. కానీ అదే కోట రాళ్లలో నది అవతల తెలంగాణ వైపు యామన్‌పల్లి దగ్గర దొరికిన కోటసారస్ హైదరాబాద్ బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబడి ఉంది, ట్రిప్ వేస్తే చూపించొచ్చు. వడధం శిలాజాల పార్కు మీకు పక్కనే. పిల్లలను తీసుకెళ్లినప్పుడు రాళ్లు ఏరుకుని జేబులో వేసుకోవద్దని మాత్రం గట్టిగా చెప్పండి, ఎక్కడ దొరికిందో తెలియని శిలాజం చరిత్రకు పనికిరాదు.

ప్రశ్న: సున్నా కనిపెట్టింది ఆర్యభటుడేనా?
(ఒక పాఠకుడు, ధర్మాబాద్)

జవాబు: కాదండీ. ఆయన అంకెలను అక్షరాలతో రాశాడు. ఖాళీ చోటు చూపడానికి బాబిలోనియా వాళ్లు చాలా ముందే ఒక గుర్తు వాడారు, అమెరికా ఖండంలో మాయా జనం ఎవరి సాయమూ లేకుండా తమ సున్నా తాము చేసుకున్నారు. సున్నాను కూడా ఒక సంఖ్యగా తీసుకుని, కూడితే ఎంత, తీసేస్తే ఎంత, గుణిస్తే ఎంత అని నియమాలు రాసినవాడు బ్రహ్మగుప్తుడు, 628లో. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అన్నాడు, అక్కడ పొరబడ్డాడు. ఆ పొరబాటును కూడా పిల్లలకు చెప్పాలి. ఈ లెక్కలు తొమ్మిదో శతాబ్దంలో అల్ ఖ్వారిజ్మీ చేతుల మీదుగా అరబ్బీలోకి, 1202లో ఫిబొనాచీ పుస్తకంతో ఇటలీ వ్యాపారుల దగ్గరికి వెళ్లాయి.

ప్రశ్న: మా అబ్బాయి నీట్‌కి చదువుతున్నాడు. మీ శీర్షిక చదివి సైన్స్ చరిత్ర అంటూ కూర్చుంటున్నాడు. నాకు టెన్షన్‌గా ఉంది. పరీక్షలో రాని దానికి టైమ్ ఎందుకు, మీరే చెప్పండి.
(ఒక తండ్రి, బల్లార్‌పూర్)

జవాబు: మీ టెన్షన్ అర్థమైంది, ఫీజులు కట్టి హాస్టల్లో పెట్టిన ఏ తండ్రికైనా ఉంటుంది. అయినా వద్దనకండి. గుండె పాఠం అతను ఎలాగూ చదవాలి కదా. రెండో శతాబ్దంలో గేలెన్, గుండె మధ్య గోడలో కంటికి కనపడని రంధ్రాలున్నాయని, వాటిలోంచి రక్తం కుడి నుంచి ఎడమకు వస్తుందని అన్నాడు. వెయ్యేళ్లకు పైగా అదే పాఠం. పదమూడో శతాబ్దంలో కైరో వైద్యుడు ఇబ్న్ అల్ నఫీస్, ఆ గోడ దళసరిగా ఉంది, రంధ్రాలు లేవు, రక్తం ఊపిరితిత్తుల్లోంచి తిరిగి రావాల్సిందే అని రాశాడు. ఆ రాతప్రతి మరుగున పడి 1924లో బెర్లిన్‌లో ఒక ఈజిప్టు వైద్యుడి కంటపడింది. 1628లో విలియం హార్వే లెక్క వేశాడు: గుండె ఒక్కసారి తోసే రక్తాన్ని అరగంటలో వచ్చే కొట్టుకోళ్లతో గుణిస్తే శరీరంలో ఉన్న మొత్తం రక్తం కన్నా ఎక్కువవుతోంది, అంత రక్తం కొత్తగా తయారు కాలేదు, కాబట్టి అదే రక్తం తిరుగుతోంది. కానీ ధమనుల నుంచి సిరలకు ఏ దారిన పోతోందో ఆయన చూడలేకపోయాడు, 1657లో చనిపోయాడు. నాలుగేళ్ల తర్వాత మాల్పీగీ మైక్రోస్కోప్ కింద కప్ప ఊపిరితిత్తుల్లో కేశనాళికలు చూశాడు.

ఈ వరస తెలిసిన పిల్లవాడు కుడి జఠరిక, పుపుస ధమని అని బట్టీ పట్టక్కర్లేదు, రక్తం ఎటు పోవాలో తనే గీసి చూపిస్తాడు. ఆదివారం ఒక గంట ఇవ్వండి. మీకు నమ్మకం కుదరకపోతే ఆ గంట తర్వాత అతన్ని మీ ఎదురుగా కూర్చోబెట్టుకుని, పుస్తకం మూసి గుండె బొమ్మ గీసి వివరించమనండి. మీకు అర్థమయ్యేలా చెప్పలేకపోతే పరీక్షలయ్యేదాకా ఈ చదువు ఆపమని నేనే అతనికి రాస్తాను.