పగను కడిగేయకు

చిరంజీవికి ఆశీస్సులు.

నీ నవల రాతప్రతి రెండుసార్లు చదివాను. మొదటిసారి కథ కోసం. రెండోసారి, ఎనిమిదో అధ్యాయం దగ్గర నా ఉత్సాహం ఎందుకు చల్లారిందో తెలుసుకోవడం కోసం.

తండ్రి చితి ముందు నిలబడి, ఆయన్ని చంపిన యక్షుణ్ణి తన చేతులతోనే అంతం చేస్తానని శపథం చేసిన అమ్మాయి ఒక వైపు. ఆమె వంశం చేతిలో మూడు వందల ఏళ్లుగా తనవాళ్లందరినీ పోగొట్టుకున్న యక్షుడు మరో వైపు. వీళ్లిద్దరి మధ్య ప్రేమ పుట్టించాలనుకోవడమే సాహసం. ఏడు అధ్యాయాలు ఆ సాహసం నిలబడింది. ఎనిమిదో అధ్యాయంలో, అసలు హంతకుడు అతను కాదు, అతని తమ్ముడని తేల్చేశావు. దాంతో ఆమె శపథం వట్టి అపార్థమైపోయింది. అపార్థం తీరాక మిగిలింది పెళ్లే కదా, ఇంకా నూట ఇరవై పేజీలు ఎందుకు చదవాలి?

అతని చేతులకంటిన రక్తాన్ని కడిగేయకు తల్లీ. చంపింది అతనే. ఎందుకు చంపాడో మా గుండెకు తగిలేలా చెప్పు, కానీ ఆ పని మాత్రం అతనిదే కావాలి. ఆమె మొదటిసారి అతని చేయి పట్టుకున్నప్పుడు, అది ఏ చేయో ఆమెకు తెలిసి ఉండాలి.

కథానాయకుణ్ణి పాఠకులు అసహ్యించుకుంటారని నువ్వు భయపడ్డావు. నా తొలి నవలలో నేనూ ఇదే భయంతో ఇదే పని చేశాను. ఒక పాఠకురాలు ఉత్తరం రాశారు: "మరి ఇన్నాళ్లూ వాళ్లు దేనికి పోరాడినట్టు?" ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు లేకపోయింది.

భారతం ఆదిపర్వంలో కచ దేవయానుల కథ మళ్లీ చదువు. కచుడు దేవతల గురువు కొడుకు. దేవయాని రాక్షసుల గురువు శుక్రుడి కూతురు. మృతసంజీవని విద్య కోసం అతను శత్రువుల ఇంటికే శిష్యుడిగా వచ్చాడు. రాక్షసులు అతన్ని చంపి, కాల్చి, ఆ బూడిదను సురలో కలిపి శుక్రుడి చేతే తాగించారు. ఇక కచుడు బతకాలంటే గురువు కడుపు చీల్చుకునే రావాలి. దేవయానికి తండ్రీ కావాలి, అతనూ కావాలి. గత్యంతరం లేక శుక్రుడు తన కడుపులో ఉన్న శిష్యుడికే ఆ విద్య నేర్పాడు. బయటికి వచ్చిన కచుడు గురువును బతికించాడు. తీరా దేవయాని పెళ్లి మాట ఎత్తితే, నీ తండ్రి కడుపులోంచి వచ్చాను కనుక నువ్వు నాకు సోదరివి అన్నాడు. చివరికి ఒకరినొకరు శపించుకుని విడిపోయారు. అతన్ని బతికించిన దారే ఆమెకు దారి మూసేసింది. అద్భుతం ఉండవలసింది అలా. అది చిక్కుముడిని విప్పకూడదు, బిగించాలి.

నీ యక్షుడి శక్తుల కోసం ఏడు పేజీలు ఖర్చు పెట్టావు. మాయమవుతాడు, రూపం మారుస్తాడు, గాయాలు వాటంతటవే మానిపోతాయి. ఇవన్నీ తీసేసినా నష్టం లేదు. కానీ మూడో అధ్యాయంలో ఒక్క వాక్యం రాసి మరిచిపోయావు: అతని అసలు పేరు ముమ్మారు పలికినవాళ్లు అతన్ని అంతం చేయగలరని. నీ నవలకు ప్రాణం అక్కడ ఉంది. ఆ పేరును ఆమె ఏ తాళపత్రంలోనో వెతికి పట్టుకోనక్కరలేదు. అతనే చెప్పాలి, ఆమె శపథం సంగతి తెలిసే చెప్పాలి. ఆ తర్వాత ఆమె అతన్ని ఆప్యాయంగా పిలవాలన్నా అదే పేరు, చంపాలన్నా అదే పేరు. ఒకసారి పిలుస్తుంది. మరో రాత్రి, కోపంలో, రెండోసారి. ఇక అక్కడి నుంచి వాళ్లు మామూలుగా మాట్లాడుకునే మాటలకు కూడా నేను ఊపిరి బిగబట్టి చదువుతాను.

ఇంకొక్క మాట. ఏడో అధ్యాయంలో అతను మంత్రంతో ఆమెను నిద్రపుచ్చి ఎత్తుకుపోవడాన్ని ప్రేమగా రాశావు. అది ప్రేమ కాదు, బలవంతం. ఆమె మెలకువతో, తన కాళ్లతో అతని గుమ్మం దాటాలి.

మిగతా అధ్యాయాలు ఇప్పుడు ముట్టుకోకు. ముందు అతను తన పేరు చెప్పే సన్నివేశం రాసి పంపు. ముగింపు సంగతి అది చదివాక మాట్లాడుకుందాం.

నీ శ్రేయోభిలాషి