ఆ బాకీ ఎవరికి కట్టినట్టు?

ప్రశ్న: మాది బొబ్బిలి దగ్గర పల్లెటూరండీ, గుడ్ ఫ్రైడే ప్రసంగంలో పాస్టరుగారు యేసు మన అప్పు కట్టేశాడన్నారు, మరి ఎవరికి కట్టినట్టు, సైతానుకా దేవుడికా?
– ఒక పాఠకురాలు, విజయనగరం జిల్లా

జవాబు: మంచి మెలికే పెట్టారమ్మా! బైబిల్లో మార్కు 10:45లో విమోచన క్రయధనం, అంటే బందీని విడిపించడానికి కట్టే సొమ్ము, అని ఉంది గానీ ఎవరికో లేదు. పాతకాలంలో ఓరిజెన్ అనే క్రైస్తవ పండితుడు సైతానుకే అన్నాడు, 1098 ప్రాంతంలో అన్సెల్మ్ అనే మతాచార్యుడు వచ్చి అబ్బే వాడికి మనమేం బాకీ, దేవుడి గౌరవానికే బాకీ అన్నాడు, అబెలార్డ్ అనే ఇంకో పండితుడైతే సిలువ మీద యేసు చూపిన ప్రేమ చూసి మన మనసు కరగడమే అసలు సంగతన్నాడు. నాకైతే కొలస్సీ 2:14 ఇష్టం, రుణపత్రాన్ని మేకులతో సిలువకి కొట్టేశాడని. మన ఊళ్ళల్లో బాకీ తీరాక షావుకారు ప్రోనోటు మీద స్టాంపూ సంతకం ఉన్న ముక్క చించేసి చేతిలో పెడతాడు చూడండి, ఇంచుమించు అదే. తూర్పు దేశాల పాత క్రైస్తవ సంఘమైన ఆర్థడాక్స్ వాళ్ళు మాత్రం ఈ అప్పు లెక్కల కన్నా చావు మీద గెలుపు గురించే ఎక్కువ చెప్తారు.