టెక్ సందేహాలు: యాప్‌కి ముక్కు ఉండదు

ప్రశ్న: వారం రోజులుగా కారులో రబ్బరు కాలిన వాసన వస్తోంది. బ్లూటూత్ ఓబీడీ డాంగిల్ (కారు కంప్యూటర్ నమోదు చేసిన లోపాలను ఫోన్‌కు చూపే చిన్న పరికరం) పెట్టి స్కాన్ చేస్తే యాప్ పచ్చ టిక్కు పెట్టి ‘లోపాలేమీ లేవు’ అంటోంది. డాంగిల్‌ని పోర్టులోనే ఉంచేసి రోజూ చూస్తున్నాను. యాప్ అప్‌డేట్ చేస్తే అసలు లోపం దొరుకుతుందా?

జవాబు: దొరకదు. ఎన్ని అప్‌డేట్లు చేసినా దొరకదు. ఇదే ఫిర్యాదు వేషం మార్చుకుని నాకు వస్తూనే ఉంటుంది: కీచుమంటోంది కానీ యాప్ బాగుందంటోంది, ఆయిల్ కారుతోంది కానీ యాప్ బాగుందంటోంది. ఓబీడీ పుట్టిందే పొగగొట్టం నుంచి వెళ్లే కాలుష్యం మీద ఓ కన్నేసి ఉంచడానికి. అమెరికాలో 1996 మోడల్ కార్ల నుంచి ఓబీడీ-2ని తప్పనిసరి చేసిందీ అందుకే. ఆక్సిజన్ సెన్సర్ తేడాగా చెప్పినా, సిలిండర్‌లో మంట సరిగా అంటుకోకపోయినా ఆ లోపానికి ఒక కోడ్ నమోదవుతుంది. బెల్టు జారి అరుగుతుంటే దానికెలా తెలుస్తుంది? అక్కడ సెన్సరే లేదు. ‘కోడ్‌లు లేవు’ అనాల్సిన చోట ‘లోపాలేమీ లేవు’ అని రాసినవాళ్లను ముందు అనాలి.

వాసన ఎప్పుడొస్తోందో మీరు రాయలేదు. సగం జవాబు అందులోనే ఉంటుంది. స్టార్ట్ చేయగానే, లేదా ఏసీ వేయగానే కీచుమని అరుపు, వెంటనే వాసన వస్తే ఫ్యాన్ బెల్టును అనుమానించండి. ఇంజిన్ ఆపి, చల్లారాక బానెట్ ఎత్తి టార్చి వేసి చూడండి. బెల్టు లోపలివైపు అద్దంలా మెరుస్తుంటే, అడ్డంగా పగుళ్లుంటే, చుట్టుపక్కల నల్లటి పొడి రాలి ఉంటే అది జారుతున్నట్టే. అయితే బెల్టు మార్చి ఊరుకోకండి. అది తిప్పే పుల్లీల్లో ఏదో ఒకటి బిగుసుకుపోయి ఉంటే కొత్త బెల్టూ అలాగే కాలుతుంది. అరుపు ఆపే స్ప్రేలు కొట్టడం జబ్బును దాచిపెట్టడమే.

మీ డాంగిల్ పనికొచ్చేది ఒక్కచోటే. లైవ్ డేటాలో వోల్టేజీ చూడండి. ఇంజిన్ నడుస్తుండగా సాధారణంగా 13.5 నుంచి 14.5 వోల్టుల మధ్య ఉంటుంది. హెడ్‌లైట్లు, ఏసీ వేయగానే 12 వైపు జారి అక్కడే ఉండిపోతే బ్యాటరీని చార్జి చేసే ఆల్టర్నేటర్‌నో, దాన్ని తిప్పే బెల్టునో పట్టించుకోవాలి.

బ్రేకు వాడకపోయినా ఒక్క చక్రమే సెగలు కక్కుతుంటే అక్కడి కాలిపర్ (బ్రేకు ప్యాడ్లను నొక్కే భాగం) పట్టేసి ఉండొచ్చు. రిమ్ముకు కాస్త దూరంలో చెయ్యి పెడితే తెలిసిపోతుంది, ముట్టుకోకండి. ఎత్తు ఎక్కేటప్పుడు సగం క్లచ్ మీద నిలబెట్టే అలవాటుంటే కాలేది క్లచ్, తప్పు కారుది కాదు. బండి ఆపాక బానెట్ దగ్గర గుప్పుమంటే ఇంజిన్ పొగ బయటికి వెళ్లే వేడి మానిఫోల్డ్ గొట్టాల మీద ఆయిల్ చుక్కలు పడుతున్నాయేమో చూడాలి. నా కారులో ఒకసారి రెండు గంటలు స్కాన్ చేసి, తీరా కిందకి వంగి చూస్తే సైలెన్సర్‌కు ప్లాస్టిక్ కవరు అతుక్కుని ఉంది. మర్నాడు పొద్దున చల్లారాక గోకి తీశాను.

వాసన డ్యాష్‌బోర్డు లోంచి, చార్జర్ పెట్టిన సాకెట్ దగ్గర నుంచి వస్తుంటే మాత్రం పరీక్షలేవీ వద్దు. అది వైరు తొడుగు కరుగుతున్న వాసన కావచ్చు. పక్కకు ఆపి, ఇంజిన్ కట్టేసి, అందరూ దిగిపోండి. పొగ కనిపిస్తుంటే బానెట్ ఎత్తకండి, గాలి తగిలి మంట లేస్తుంది.

ఇక నన్ను నిజంగా భయపెట్టింది మీ ఉత్తరంలో మీరు మామూలుగా అనేసిన మాట: ‘పోర్టులోనే ఉంచేశాను’. ఆ పోర్టులో 16వ పిన్‌కు తాళం తీసేసినా బ్యాటరీ కరెంటు వస్తూనే ఉంటుంది. అంటే రాత్రంతా మీ డాంగిల్ మేల్కొని బ్లూటూత్‌లో పిలుస్తూనే ఉంటుంది. చవక రకాల్లో ఫోన్‌తో జత చేసే రహస్య నంబరు సాధారణంగా 1234, లేకపోతే 0000. వైఫై రకాల్లో చాలావాటికి అసలు పాస్‌వర్డే ఉండదు. మొన్న పార్కింగ్‌లో కూర్చుని ఫోన్ బ్లూటూత్ తెరిస్తే నా ఇయర్‌ఫోన్ పేరు కింద ఎవరిదో ‘ఓబీడీ’ అని వెలిగింది. నేను ముట్టుకోలేదు. అందరూ నాలాగే ఊరుకుంటారా?

ఆ పోర్టు అవతల ఉన్నది క్యాన్ నెట్‌వర్క్, అంటే కారులోని కంప్యూటర్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే దారి. 1986లో ప్రకటించిన ఆ పద్ధతిలో సందేశం ఎవరు పంపారని అడిగే ఏర్పాటే లేదు. 2015లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం పరిశోధకులు, బీమా కోసం పెట్టే ఇలాంటి ఒక డాంగిల్‌కు ఎస్ఎంఎస్‌లు పంపి కారు వైపర్లు ఆడించారు, తక్కువ వేగంలో బ్రేకులు పడకుండా చేసి చూపించారు. అందులో సిమ్ ఉంది, మీదానికి లేకపోవచ్చు. అప్పుడు మీ కారు పక్కన నిలబడ్డవాడికి మాత్రమే దొరుకుతుంది, అంతే తేడా. కొత్త కార్లలో కొన్నింటికి మధ్యలో గేట్‌వే కాపలా ఉంటుంది. పాతవాటికి అదీ లేదు.

ఆ యాప్ ఏయే అనుమతులు అడిగిందో కూడా చూడండి. బ్లూటూత్ వెతకడానికి లొకేషన్ కావాలన్న సాకు పాత ఆండ్రాయిడ్‌లో చెల్లేది, ఆండ్రాయిడ్ 12 నుంచి దానికి వేరే అనుమతి ఉంది. ఇక కాంటాక్టులు కూడా అడిగి ఉంటే, అవి ఎందుకట? ఇంజిన్ వేడి మీ మేనమామకు చెప్పడానికా? ఆ అనుమతి తీసేయండి. డాంగిల్‌ని ఈరోజే పీకి డ్రాయర్‌లో పడేయండి, వోల్టేజీ చూడాల్సిన పది నిమిషాలకు మాత్రమే బయటికి తీయండి.