పేడలో మక్క ముక్కలు పడితే ఎంజైము పొడి కాదు మందు

ప్రశ్న: మా గ్రేడెడ్ ముర్రా బర్రె ఈని రెండు నెలలైంది. పాలు పెరగాలని రోజూ పొద్దున 5 కిలోల మక్క నూక, అన్నం కలిపిన కుడితి పెడుతున్నాం. పది రోజులుగా పేడ పలుచగా, నురగతో వస్తోంది, మక్క ముక్కలు కనబడుతున్నాయి. పాలు 8 లీటర్ల నుంచి 5కు తగ్గాయి, వెన్న శాతం కూడా పడిపోయింది. షాపాయన ఎంజైములు తగ్గాయని చెప్పి పొడి ఇచ్చాడు. వేడి కుడితిలో కలిపి పోస్తున్నాం, గుణం లేదు. మోతాదు పెంచాలా?
– ఒక రైతు, నర్సంపేట, వరంగల్ జిల్లా

జవాబు: పెంచకండి, అసలు ఆపేయండి. మీ బర్రెకు ఎంజైము తక్కువ కాలేదు, మక్క ఎక్కువైంది. అన్ని మక్కలు ఒకేసారి పడితే పెద్ద పొట్టలో పులిసి ఆమ్లం పెరుగుతుంది. పీహెచ్ (ఆమ్లం కొలత, ఆమ్లం పెరిగితే ఇది తగ్గుతుంది) 6 కంటే దిగితే గడ్డి పీచును అరిగించే సూక్ష్మజీవులు పని మానేస్తాయి. వెన్న పడిపోయింది అందుకే.

డబ్బా వెనక చదివారా? చాలా పొడుల్లో అమైలేజు, అంటే పిండిని కరిగించే ఎంజైము, ఉంటుంది. మక్కలోని పిండి పదార్థం, గడ్డి పీచు రెండూ గ్లూకోజు పూసల దండలే, తేడా పూసల మధ్య ముడిలో ఉంది: పిండిలో ఆల్ఫా ముడి, పీచులో బీటా ముడి. అమైలేజులో పొడవాటి గాడి ఉంటుంది. మెలిక తిరిగిన పిండి దండ అందులో ఇమిడితేనే, ఆ గాడిలోని మూడు అమైనో ఆమ్లాలు (రెండు ఆస్పార్టిక్, ఒక గ్లుటామిక్) ముడి తెంపుతాయి. నిటారుగా ఉండే పీచు ఆ గాడిలో కూర్చోదు. అంటే అది గడ్డిని ముట్టదు, పిండిని మాత్రం ఇంకా తొందరగా కరిగిస్తుంది. మీకు కావలసింది అదేనా? పైగా ఎంజైము అంటే మాంసకృత్తి. కాగే కుడితిలో పోస్తే చాలావాటి గాడి ఆకారమే పోతుంది. అమ్మిన ఆయన ఈ ఒక్క మాట కూడా చెప్పలేదు చూడండి.

మూడు రోజులు మక్క, అన్నం, కుడితి బంద్ చేయండి. ఎండు వరిగడ్డి, జొన్న చొప్ప తిన్నంత వేయండి. వంట సోడా పొద్దున 50, సాయంత్రం 50 గ్రాములు తవుడులో కలిపి 5 రోజులు పెట్టండి. తల ఎత్తి గొంతులో పోయకండి, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. సాయంత్రం పక్కన కూర్చుని నెమరు లెక్కపెట్టండి: ఒక ముద్దను 50–60 సార్లు నమలాలి. మేత మానేసినా, నెమరు ఆగినా, లేవలేకపోయినా సోడాతో కాలయాపన చేయకుండా పశువైద్య అంబులెన్సు నంబరు 1962కు ఫోన్ చేయండి.

తర్వాత మక్క అర కిలోతో మొదలుపెట్టి, మూడు రోజులకోసారి అర కిలో పెంచండి. 8 లీటర్ల బర్రెకు రోజుకు మొత్తం దాణా 5.5 కిలోలు చాలు (ఒంటి పోషణకు 1.5, ప్రతి 2 లీటర్ల పాలకు ఒక కిలో). అందులో మక్క 2 కిలోలు దాటొద్దు, మిగతాది పత్తి చెక్క, తవుడు. పాలు తగ్గితే దాణా కూడా ఆ లెక్కనే తగ్గించాలి. రెండు పూటలకు పంచండి. దాణాలో 2 శాతం ఖనిజ మిశ్రమం, ఒక శాతం ఉప్పు కలపండి.

గడ్డి బాగా అరగాలని ఉంటే పొడికి పెట్టే డబ్బు యూరియాకు పెట్టండి. 100 కిలోల వరిగడ్డికి 4 కిలోల యూరియా 50 లీటర్ల నీళ్లలో పూర్తిగా కరిగించి, పొరపొరకూ చల్లి తొక్కి, గాలి చొరకుండా పట్టాతో 21 రోజులు కప్పండి. పెట్టే ముందు గంటసేపు ఆరబెట్టాలి. పేడ గట్టిపడ్డాకే ఇది మొదలుపెట్టండి. ఆరు నెలల లోపు దూడలకు మాత్రం వద్దు.