యుద్ధ నేరం చేసిన సైనికుణ్ణి ఎవరు విచారించాలి?

ప్రశ్న: సర్, యుద్ధంలో మామూలు జనాన్ని చంపారని సైనికుల మీద ఆరోపణ వస్తే విచారణ ఎవరు చెయ్యాలి? మా తమ్ముడు సైన్యంలో ఉన్నాడు, తూటాల మధ్య నిలబడని వాళ్లకి ఆ పరిస్థితి తెలీదు కాబట్టి మిలటరీ కోర్టే చూడాలంటాడు. నాకేమో తమ వాళ్లని తామే విచారించుకుంటే ఇంక న్యాయం ఏముంటుంది, హేగ్‌లో ఉన్న ఇంటర్నేషనల్ కోర్టుకే పంపాలి అనిపిస్తుంది. మీరేమంటారు?

జవాబు: మీ తమ్ముడి మాట కొట్టిపారేసేది కాదండి. కానీ మై లై అనే ఊరి సంగతి ఒకసారి చూడండి. 1968 మార్చి 16న వియత్నాంలో ఆ ఊళ్లోకి అమెరికా ఆర్మీలో చార్లీ కంపెనీ అనే సైనిక దళం వెళ్లింది, ఎదురు తిరిగి కాల్చినవాళ్లు ఎవరూ లేరు, ఉన్నదంతా ముసలివాళ్లు, ఆడవాళ్లు, పిల్లలు, వాళ్లని గుంపుగా కాలవ దగ్గరికి తోలుకెళ్లి కాల్చేశారు. ఆర్మీ లెక్కలో 347 మంది, వియత్నాం లెక్కలో 504 మంది. హ్యూ థాంప్సన్ అని ఒక హెలికాప్టర్ పైలట్ పైనుంచి ఇది చూసి, పారిపోతున్న ఊరివాళ్లకీ తరుముతున్న తన సైనికులకీ మధ్యలో హెలికాప్టర్ దింపేశాడు, వీళ్ల మీద కాలిస్తే మనవాళ్లనైనా కాల్చెయ్యండి అని తన గన్నర్లకి చెప్పాడు. వాళ్లలో ఒకడు కాలవలో శవాల మధ్యకి దిగి ఇంకా ఊపిరున్న పిల్లాణ్ణి బయటికి లాగాడు. ఇది చదివిన ప్రతిసారీ నాకు గొంతు పూడుకుపోతుంది.

ఆరోజే థాంప్సన్ పైవాళ్లకి రిపోర్ట్ చేశాడు, అయినా ఏడాదికి పైగా ఆర్మీ లోపలే తొక్కిపెట్టేశారు. రాన్ రైడెన్‌హవర్ అనే ఇంకో సైనికుడు 1969లో అధికారులకీ అమెరికా పార్లమెంటు (కాంగ్రెస్) సభ్యులకీ ఉత్తరాలు రాస్తే గానీ కదల్లేదు. అంటే చట్టం ఉంది, కోర్టు ఉంది, కళ్లారా చూసి చెప్పినవాడూ ఉన్నాడు, కేసు పెట్టాల్సినవాళ్లే పెట్టలేదు. జడ్జి ఎవరు అన్నదాని కంటే నాకు ఇదే పెద్ద విషయంగా కనిపిస్తుంది.

ఎందుకంటే చివరికి కోర్ట్ మార్షల్, అంటే మిలటరీ కోర్టు విచారణ, జరిగినప్పుడు జ్యూరీలో ఉన్న ఆరుగురూ ఆర్మీ ఆఫీసర్లే, వాళ్లే 1971లో ఆ ఊళ్లో సైనికుల్ని నడిపించిన లెఫ్టినెంట్ విలియం కాలీ 22 మందిని హత్య చేశాడని తేల్చారు, యావజ్జీవం వేశారు. ఆ విషయంలో మీ తమ్ముడిదే కరెక్టు, యుద్ధం తెలిసినవాళ్లు యుద్ధం పేరు చెప్పి తప్పించుకోనివ్వలేదు. కానీ తర్వాత కొద్దిరోజులకే ప్రెసిడెంట్ నిక్సన్ అతన్ని జైల్లోంచి తీయించి హౌస్ అరెస్ట్‌లో పెట్టించాడు, శిక్ష 20 ఏళ్లకి, ఆ తర్వాత 10 ఏళ్లకి తగ్గింది, 1974 కల్లా బయటికి వచ్చేశాడు. ఆ ఊరి విషయంలో శిక్ష పడింది అతనొక్కడికే.

ఇక హేగ్ సంగతి. ఇంటర్నేషనల్ క్రిమినల్ కోర్టు 2002 జులై 1 నుంచి జరిగిన నేరాలే చూడగలదు, అది కూడా సొంత దేశం నిజాయితీగా విచారణ చెయ్యకపోతేనో, చెయ్యలేకపోతేనో. అమెరికా, రష్యా, చైనా, ఇండియా ఇందులో మెంబర్లు కావు. మెంబర్ దేశంలో నేరం జరిగితే బయటి దేశం సైనికుడైనా దాని పరిధిలోకి వస్తాడు, అలాగే ఆఫ్ఘనిస్తాన్‌లో అమెరికన్లు చేసినవి కూడా దర్యాప్తు చెయ్యొచ్చని 2020 మార్చిలో అప్పీల్ జడ్జిలు ఒప్పుకున్నారు. ఏమైంది? అదే ఏడాది ఆ కోర్టు ప్రాసిక్యూటర్ ఫటూ బెన్సూడా మీద అమెరికా ఆంక్షలు పెట్టింది, 2021లో వచ్చిన కొత్త ప్రాసిక్యూటర్ తాలిబన్, ఇస్లామిక్ స్టేట్ (ఐఎస్) మీదే ముందు దృష్టి పెడతానని చెప్పి మిగతాది పక్కన పెట్టేశాడు. సొంత పోలీసులు లేని కోర్టండి అది, దేశాలు పట్టి ఇస్తేనే నిందితుడు బోనెక్కుతాడు.

రెండు కోర్టుల మధ్యనించి జారిపోయే కేసులూ ఉంటాయి. 2003 సెప్టెంబర్‌లో ఇరాక్‌లోని బస్రాలో బహా మూసా అనే హోటల్ రిసెప్షనిస్ట్ బ్రిటిష్ సైన్యం కస్టడీలో చనిపోయాడు, ఒంటిమీద 93 గాయాలు. కోర్ట్ మార్షల్‌లో ఒక్క కార్పొరల్‌కి, అది కూడా తనే తప్పు ఒప్పుకుంటే, ఒక ఏడాది జైలు. ఇరాక్‌లో బ్రిటిష్ సైనికుల మీద ఆరోపణలన్నీ పరిశీలించిన హేగ్ ప్రాసిక్యూటర్ ఆఫీసు 2020లో ఫైల్ మూసేసింది.

అందుకే నేననేది, సొంత దేశంలోనే విచారించండి, కానీ దర్యాప్తూ కేసూ ఆ సైనికుడి పై అధికారుల చేతిలో ఉండకూడదు. ఆఫ్ఘనిస్తాన్‌లో తమ సైనికులు 39 మందిని అన్యాయంగా చంపారని 2020లో సొంత విచారణ రిపోర్టే చెప్పాక ఆస్ట్రేలియా దర్యాప్తుకి సైన్యం బయట ఒక ఆఫీసు పెట్టింది, 2023లో ఒక మాజీ సైనికుడి మీద మామూలు క్రిమినల్ కోర్టులో హత్య కేసు వేసింది. నెమ్మదిగా నడుస్తోంది, అయినా నాకు నచ్చిన దారి ఇదే. ఇది కూడా జరగని చోటే హేగ్ కావాలి.

ప్రశ్న: పైనుంచి ఆర్డర్ వస్తే పాపం కింది సైనికుడేం చేస్తాడండి?

జవాబు: ఆర్డర్ ఇచ్చారన్న సాకు రెండో ప్రపంచ యుద్ధం తర్వాత నాజీ నాయకుల్ని విచారించిన న్యూరెంబర్గ్‌లోనే చెల్లలేదు, మహా అయితే శిక్ష తగ్గించొచ్చు అన్నారు. కాలీ కూడా ఆర్డరే అన్నాడు, అదే రోజు అదే సైన్యంలో థాంప్సన్ కూడా ఉన్నాడు కదా. కాకపోతే మీ బాధ నాకు అర్థమైంది, పైవాడు తప్పించుకుంటున్నాడు. కాలీ పై అధికారి కెప్టెన్ మెడీనా నిర్దోషిగా బయటపడ్డాడు. హేగ్‌లో కూడా కాంగో సాయుధ దళం నాయకుడు జాన్ పియెర్ బెంబా మనుషులు సెంట్రల్ ఆఫ్రికన్ రిపబ్లిక్‌లో చేసిన ఘోరాలకి 2016లో అతనికి 18 ఏళ్లు వేసి, 2018లో అప్పీల్‌లో కొట్టేశారు, దూరంగా ఉన్న కమాండర్ వాళ్లని ఎంతవరకు ఆపగలిగేవాడు అన్న దగ్గరే కేసు నిలవలేదు. ఆ తీర్పు నాకు ఇప్పటికీ మింగుడుపడదు.